చుర్రో ఎందుకు పేలుతుంది?

స్పెయిన్ దేశస్థులు చుర్రోలను చిక్కటి వేడి చాక్లెట్‌లో ముంచుకొని తింటారు. మరిగే నీళ్ళు, ఉప్పు, గోధుమపిండి కలిపిన ముద్దను మన జంతికల గొట్టం వంటి దానితోనే నూనెలోకి వత్తుతారు. బిళ్ళ రంధ్రం మాత్రం నక్షత్రంలా ఉండాలి. అందం కోసమనుకున్నారా? కాదు!

నూనె వేడి సుమారు 180 డిగ్రీల సెల్సియస్. ముద్దలోని నీరు 100 డిగ్రీలకే ఆవిరవుతుంది. నున్నటి, లావుపాటి చుర్రోకు పైపొర ముందే గట్టిపడితే ఆవిరికి దారేది? చుర్రో పేలి, కాగే నూనె మీద చిమ్ముతుంది. నక్షత్రపు గాడులుంటే ఉపరితలం పెరిగి, వేడి లోపలికి త్వరగా చేరుతుంది. ఉబ్బడానికి చోటూ దొరుకుతుంది. గొట్టంలో గాలి మిగలకుండా ముద్దను గట్టిగా కూరాలి. పెద్దలు పక్కన లేనిదే పొయ్యి వెలిగించకండి.

చాక్లెట్ చిక్కబడేది మొక్కజొన్న పిండితో. దాన్ని ముందు చల్లటి పాలలోనే కలపాలి సుమా! వేడిపాలలో వేస్తే ఉండలు కడుతుంది.