సెల్‌ఫోను బీమా గిట్టుబాటేనా? గద్దె మీది వర్తకుని లెక్క వేరు, కళ్లాల దళారి లెక్క వేరు

పిట్టలవానిపాలెం: సార్వా కోతలు మొదలైతే ధాన్యం దళారి చేతిలో రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి మచ్చు పొట్లం, రెండవది సెల్‌ఫోను. రైతు కళ్లంలోనే ధాన్యం ఫొటో తీసి మిల్లుకు పంపడం, తేమ శాతం చెప్పడం, బస్తా ధర తేల్చడం, లారీకి కబురు పెట్టడం, బయానా సొమ్ము జమ చేయడం అన్నీ ఇప్పుడు ఆ ఒక్క పరికరం మీదే సాగిపోతున్నవి. ఒకప్పుడు ట్రంకు కాల్ బుక్ చేసి పూటంతా కాచుకొని కూర్చున్న తరం వర్తకులు సైతం ఈ మార్పుకు అలవాటుపడ్డారు. కనుక కొత్త ఫోను కొనేటప్పుడు దుకాణదారు "మరో పదిహేను వందలు కడితే బీమా కూడా ఉంటుందండీ" అంటే, కట్టాలా వద్దా అన్నది ఇప్పుడు వ్యాపారపు ప్రశ్నే అయినది.

ఈ ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు లేదు. ఫోను ఎవరి చేతిలో, ఎక్కడ తిరుగుతుందన్న దానిని బట్టి జవాబు మారుతుంది. అంతకన్నా ముఖ్యంగా, వర్తకునికి ఫోను పోతే కలిగే నష్టంలో పెద్ద భాగానికి ఏ బీమా కంపెనీ పూచీ పడటం లేదు.

బస్తాల్లో లెక్క

20,000 రూపాయల ఫోనునే తీసుకుందాం. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ ప్రాంతపు వాడుక ప్రకారం 75 కిలోల బస్తాకు అది సుమారు 1,777 రూపాయలవుతుంది. అంటే ఆ ఫోను పదకొండుంపావు బస్తాల సరుకు. ఏడాదికి బీమా ఖర్చు 1,500 రూపాయలనుకుంటే బస్తాకు కాస్త తక్కువ. పదకొండు బస్తాల సరుకు కాపాడుకోవడానికి ఏటా ఒక బస్తా వదులుకోవడమన్నమాట.

ఆ 1,500లో అసలు ప్రీమియం 1,271 రూపాయలు, మిగిలిన 229 రూపాయలు 18 శాతం జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలపై ఈ పన్ను తీసివేశారు గాని, ఫోను బీమాకు ఆ మినహాయింపు లేదు. ఇతర వ్యాపారులు కొందరు తాము కట్టిన పన్నును అమ్మకాల పన్నులో తగ్గించుకోగలరు. వడ్లకు జి.ఎస్.టి. లేదు, వ్యవసాయోత్పత్తుల కొనుగోళ్లు, అమ్మకాలపై కమీషన్ ఏజెంటు సేవకూ లేదు. కాబట్టి ధాన్యం ఒక్కటే నడిపేవారికి ఆ 229 రూపాయలు పూర్తిగా చేతి ఖర్చే.

ఇక రాబడి వైపు చూడాలి. పాలసీ పుచ్చుకున్నంత మాత్రాన నష్టమంతా తిరిగి రాదు. ప్రతి క్లెయిములోనూ కొంత మొత్తం పాలసీదారు తన జేబు నుంచి పెట్టుకోవాలి. చాలా పాలసీల్లో ఫోను పాతబడిన కొద్దీ తరుగుదల కూడా తీసేస్తారు. ఉదాహరణకు చేతి భారం 1,000 రూపాయలు, తరుగుదల 25 శాతం అనుకుందాం. అద్దం పగిలి 6,000 ఖర్చయితే 5,000 వస్తుంది. ఫోను పూర్తిగా పోతే 20,000లో 5,000 తరుగుదల, మరో 1,000 చేతి భారం పోగా వచ్చేది 14,000.

నీడ పట్టున గద్దె మీద కూర్చొని వ్యాపారం చేసే వర్తకుని ఫోను అద్దం పదేళ్లకొకసారి పగులుతుందనీ, ఇరవై ఏళ్లకొకసారి ఫోను పూర్తిగా పోతుందనీ అనుకుంటే, సగటున ఏడాదికి ఆయనకు రాగలిగింది మొదటి దాని కింద 500, రెండవ దాని కింద 700, మొత్తం 1,200 రూపాయలు. కట్టేది 1,500. ఏటా 300 నష్టం. రోజుకు పది కళ్లాలు తిరిగి, మోటారు సైకిల్ మీద మాట్లాడుతూ, కాటా దగ్గర బస్తాల మధ్య ఫోను పెట్టే దళారికి ఈ ప్రమాదాలు రెండింతలు ఉంటాయనుకుంటే రాగలిగింది 2,400. ఆయనకు 900 లాభం. అంకెలు ఎవరివి వారు వేసుకోవచ్చును గాని, పద్ధతి మాత్రం ఇదే. గత పదేళ్లలో ఎన్ని ఫోన్లు పగిలినవి, ఎన్ని పోయినవి అని వర్తకుడు తన్ను తాను ప్రశ్నించుకుంటే దుకాణదారు సలహా కన్నా నికరమైన సమాధానం దొరుకుతుంది.

ఈ ప్రాంతంలో నీటి సంగతి కూడా తలచుకోక తప్పదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు వరి పొలాలు, కళ్లాలు నీటి పాలైన సంగతి ఎవరూ మరచిపోలేదు. అలాంటి రోజుల్లో ధాన్యం గట్టుకు చేర్చే తొందరలో ఫోను తడవడం వింతేమీ కాదు. ధాన్యం తడిస్తే ఆరబెట్టి తక్కువ ధరకైనా అమ్ముకోవచ్చును, ఫోనుకు ఆ వెసులుబాటు లేదు. తడిసిన ఫోనును బియ్యంలో పెట్టాలన్న చిట్కా కూడా పనికిరాదు. బియ్యపు నూక లోపలికి పోయి మరింత చెరుపు చేయవచ్చునని, ఆ పని చేయవద్దని ఆపిల్ సంస్థ తన సూచనల్లోనే చెబుతున్నది. బియ్యం వర్తకులకు ఈ మాట రుచించకపోవచ్చు. నీటి వల్ల కలిగే చెరుపుకు పూచీ ఉన్నదా లేదా అన్నది కృష్ణా పశ్చిమ డెల్టాలో తిరిగేవారు పాలసీలో మొదట చూడవలసిన సంగతి.

పేచీ ఎక్కడ వస్తుంది

క్లెయిముల్లో ఎక్కువ పేచీ దొంగతనం దగ్గర. "ఫోను కనబడటం లేదు" అన్నదీ "ఫోను దొంగిలించారు" అన్నదీ వాడుకలో ఒకటే అయినా, పాలసీ భాషలో రెండూ వేరు. ఎలా పోయిందో చెప్పలేని నష్టానికి సాధారణంగా పూచీ ఉండదు. కాటా బల్ల మీద పెట్టి బస్తాలు లెక్కించడానికి పోయి వచ్చేసరికి ఫోను లేకపోతే, "కాపలా లేకుండా వదిలివేశారు" అన్న షరతు కింద క్లెయిము తోసిపుచ్చే అవకాశం ఉన్నది. ధాన్యం కాటా దగ్గర జరిగేది సరిగ్గా ఇదే. పై లెక్కలో దళారికి కనిపించిన 900 రూపాయల లాభం ఈ ఒక్క షరతుతో కరిగిపోవచ్చు.

గీతలు, వాడకపు అరుగుదల, లోపలి యంత్ర లోపం సాధారణంగా బీమా కిందికి రావు. యంత్ర లోపం మొదటి ఏడాది తయారీదారు వారంటీ కిందికి వస్తుంది. అద్దం పగలగానే రోడ్డు పక్క షాపులో ఫోను విప్పించి, తర్వాత కంపెనీకి కబురు పెడితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ముందు తెలియపరచడం, తరువాత వారు చెప్పిన చోట బాగు చేయించడం అన్నది క్రమం. తెలియపరచడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ. కోతల హడావుడిలో "రేపు చూద్దాంలే" అనుకుంటే గడువు దాటిపోతుంది.

వర్తకులు గమనించవలసిన మరొక తేడా ఉన్నది. దుకాణంలో "ప్రొటెక్షన్ ప్లాన్" పేరుతో అమ్మేదంతా బీమా కాదు. కొన్ని నిజమైన బీమా పాలసీలు, కొన్ని కేవలం మరమ్మతు ఒప్పందాలు. బీమా అయితే కాగితం మీద బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. పేచీ వస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, సమాధానం తృప్తికరంగా లేకుంటే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు ఖర్చు లేకుండా పోవచ్చు. వ్యక్తులతో పాటు ఏక యాజమాన్య దుకాణాలకు, సూక్ష్మ సంస్థలకు కూడా ఆ దారి తెరచి ఉన్నది. మరమ్మతు ఒప్పందమైతే అంబుడ్స్‌మన్ దారి లేదు, వినియోగదారుల కమిషనే గతి. 1,500 రూపాయల కాగితం పుచ్చుకునేటప్పుడు ఈ ఒక్కటి అడగటానికి మొహమాటపడటం ధాన్యం కొనేటప్పుడు తేమ చూడకపోవడం వంటిదే.

బీమా లేని అసలు సరుకు

ఇంతవరకు చెప్పినదంతా పదకొండు బస్తాల సంగతి. దళారి ఫోనులో ఉండేది మాత్రం అంతకు ఎన్నో రెట్లు. ఎవరి కళ్లంలో ఎన్ని బస్తాలకు ఏ ధరకు బేరం కుదిరినదీ, ఏ మిల్లు ఎంత ఇవ్వవలసినదీ, ఏ రైతుకు ఇంకా ఎంత బాకీ ఉన్నదీ, చాలామంది విషయంలో వాట్సాప్ సందేశాల్లోనే ఉండిపోతున్నది. ఫోను పోయిన మరునాడు ధర పది రూపాయలు పెరిగితే "నేనా ధరకు ఒప్పుకోలేదు" అనే రైతు, ధర తగ్గితే "మేమా ధర చెప్పలేదు" అనే మిల్లు, ఇద్దరి మధ్య దళారి చిక్కుకుంటాడు. సాధారణంగా ఫోను పాలసీలు పోయిన సమాచారానికి గాని, దాని మూలంగా వ్యాపారంలో వచ్చిన నష్టానికి గాని పూచీ పడవు.

సొమ్ము సంగతి మరింత సున్నితం. ఖాతా నుంచి అనధికారంగా సొమ్ము పోయినప్పుడు ఖాతాదారు బాధ్యత ఎంతో రిజర్వు బ్యాంకు 2017 జులై 6న సర్క్యులర్ ద్వారా నిర్దేశించింది. రహస్య సంకేతం ఫోను కవరు వెనుక రాసిపెట్టుకోవడం వంటి ఖాతాదారు నిర్లక్ష్యం ఉంటే, బ్యాంకుకు తెలియజేసే వరకు పోయిన సొమ్ము ఆయనదే. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకుది. కనుక ఫోను పోయిన గంటలో బీమా కంపెనీ కన్నా ముందు పలకరించవలసినది బ్యాంకును. అప్పటికే సొమ్ము పోయి ఉంటే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. సిమ్ ఆపించడం, పోలీసు ఫిర్యాదు, 2023 మే 16న ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఇచ్చి ఫోను పనిచేయకుండా చేయించడం వెంట వెంటనే జరగాలి. ఐ.ఎం.ఇ.ఐ. నంబరు బిల్లు మీద, పెట్టె మీద ఉంటుంది. అందుచేత ఆ పెట్టె పారవేయకుండా దాచిపెట్టడం మంచిది.

ఆ రోజే కొత్త సిమ్ దొరికినా వ్యాపారం వెంటనే పట్టాలెక్కదు. సిమ్ మార్చినాక 24 గంటల పాటు సందేశాలు ఆపివేయాలని 2022లో టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. మోసగాళ్లను అరికట్టడానికి పెట్టిన నిబంధన ఇది. కాగా కొత్త ఫోనులో యు.పి.ఐ. నమోదు కావాలంటే ఆ సిమ్ నుంచి సందేశం పోవాలి. అంటే కోతల మధ్యలో కనీసం ఒక రోజు చెల్లింపులు నిలిచిపోతాయి. బయానా అందని రైతు పక్క దళారికి సరుకు ఇవ్వడానికి ఒక రోజు చాలు. బేరానికి వంద బస్తాలు, బస్తాకు కొద్ది రూపాయల కమీషను అనుకున్నా, చేజారిన నాలుగైదు బేరాలు ఏడాది ప్రీమియంను మించిపోతాయి.

దీనికి విరుగుడు పాలసీలో లేదు, పాత పద్ధతిలో ఉన్నది. పొద్దుగూకే వేళకు ఆనాటి బేరాలన్నీ చిట్టాలోకి ఎక్కించడం మన పెద్దల అలవాటు. తేదీ, పేరు, బస్తాలు, ధర, బయానా, అయిదు గళ్లు చాలు. వ్యాపార క్రమంలో రాసిన ఖాతా పుస్తకాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకుంటుంది. అదొక్కటే చాలకపోవచ్చు గాని, పేచీ వచ్చినప్పుడు ఉత్త చేతులతో నిలబడటం కన్నా మేలు. రెండవ నంబరుతో చవక ఫోను ఒకటి దుకాణంలో ఉంచి, చిన్న చెల్లింపులకు సరిపడా సొమ్మున్న మరో ఖాతాను దానికి ముడిపెట్టుకుంటే ఆ 24 గంటల చిక్కు కూడా చాలావరకు తప్పుతుంది.

ఎవరు కట్టాలి

గోదాములోని సరుకుకు, మిల్లు యంత్రాలకు అగ్ని బీమా కట్టడంలో ఎవరికీ సందేహం లేదు. బ్యాంకు అప్పు ఉంటే అది తప్పదు కూడా. ఒక్క ప్రమాదంతో దివాలా తీసే నష్టానికి బీమా తీసుకోవడం వ్యాపార ధర్మం. పదకొండు బస్తాల ఫోను పోతే వర్తకునికి చికాకే గాని దివాలా కాదు. కనుక 20,000 రూపాయల లోపు ఫోను వాడుతూ గద్దె మీదనే ఉండేవారు ఆ 1,500 రూపాయలను ఏటా విడిగా పక్కన పెట్టుకోవడమే లాభసాటిగా కనిపిస్తున్నది. మూడు నాలుగేళ్లు ఏ ప్రమాదమూ జరగకపోతే ఆ మొత్తం తరువాతి ఫోనుకు పెట్టుబడి అవుతుంది.

వాయిదాల మీద 50,000 రూపాయల ఫోను కొని కళ్లాల వెంట తిరిగే దళారి సంగతి వేరు. ఫోను పోయినా వాయిదాలు ఆగవు. నీటి చెరుపు, పగుళ్లు స్పష్టంగా రాసి ఉన్న బీమా పాలసీ అయితే మొదటి ఏడాదికి కట్టవచ్చు. రెండవ ఏడాది తరుగుదల పెరిగి, ప్రీమియం మాత్రం తగ్గకపోతే మానుకోవడం మంచిది. దొంగతనం పూచీ కోసమే అయితే "కాపలా లేకుండా" అన్న షరతు చదివిన తరువాతనే డబ్బు తీయాలి. వాడిన ఫోనుకు సాధారణంగా పాలసీ ఇవ్వరు. కొన్న నాడో, ఆ తరువాత కొద్ది రోజుల్లోనో తీసుకోవాలి. వాయిదాల మీద కొన్నవారు అప్పు కాగితంలో బీమా పేరుతో అడగకుండా కలిపిన మొత్తమేదైనా ఉన్నదేమో సంతకానికి ముందే చూసుకోవడం అవసరం.