దంతమూలంలో దాగిన దారి

తజ్వీద్ బోధించే ప్రతి ఉస్తాద్‌కూ ‘ద్వాద్’ అక్షరం ఒక పరీక్ష. నాలుక పక్కభాగం పైవరుస దవడపళ్లను తాకితే తప్ప అది తన మఖ్రజ్ నుంచి సరిగా వెలువడదు. ఫాతిహా సూరా చివరి మాటల్లో ఆ అక్షరం ఉంది. రోజుకు 17 ఫర్జ్ రకాతుల్లో మనం ఆ పళ్ల సాయం తీసుకుంటూనే ఉంటాము; అవి నొప్పి పెట్టేవరకు వాటిని తలచుకోము.

నాకూ అదే జరిగింది. ఎడమవైపు పై దవడపన్ను పుచ్చి నొప్పి మొదలైంది. మా పెనుగంచిప్రోలులో ఎవరిని అడిగినా ఒకటే సలహా: ‘పీకించేయండి, పీడా పోతుంది.’ పిల్లలకు అక్షరాలు నేర్పేవాడిని గనుక నేను ఒప్పుకోలేదు. ఒక పట్టణంలో రూట్ కెనాల్ చికిత్స చేయించుకున్నాను. ఆరు నెలలకు నొప్పి తిరిగి వచ్చింది. మామూలు ఎక్స్‌రేలో లోపమేమీ కనబడలేదు. చివరకు విజయవాడలో త్రిమితీయ స్కాన్ తీయించాక, కంప్యూటర్ తెర మీద వైద్యుడు ఒక సన్నని గీతను చూపించి, ‘మౌల్వీ గారూ, ఈ నాలుగో దారి మిగిలిపోయింది’ అన్నారు.

ఈ నాలుగో దారి ఏమిటి? పంటి లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని కణజాలం వేర్లలోని సన్నని కాలువల గుండా ఎముక వైపు సాగుతుంది. పై మొదటి దవడపంటికి సాధారణంగా మూడు వేర్లు ఉంటాయి. అయితే బుగ్గవైపున్న ముందరి వేరులో తరచుగా రెండు కాలువలుంటాయి. ఎక్స్‌రే అంటే నీడ. ఒకదాని వెనుక ఒకటి నిలిచిన ఇద్దరు మనుషుల నీడ గోడ మీద ఒక్కటిగా పడినట్లే, ఆ రెండు కాలువలూ ఒకటిగా కనబడవచ్చు. శుభ్రం కాని కాలువలో సూక్ష్మజీవులు మిగిలితే నొప్పి మళ్లీ రావచ్చు.

ఈ కాలువల అధ్యయనం వందేళ్లకు పైబడినది. 1917లో జ్యూరిచ్‌కు చెందిన వాల్టర్ హెస్, పీకిన పళ్లలోకి రబ్బరు ఎక్కించి, పంటిని కరిగించి, కాలువల అచ్చులు తీశారు. 1984లో అమెరికా వైద్యుడు వెర్టూచి 2,400 పళ్లను పారదర్శకం చేసి, రంగు నింపి, కాలువల అమరికను 8 రకాలుగా వర్గీకరించారు. 1990ల చివర కోన్ బీమ్ సీటీ యంత్రం వచ్చింది. అది తల చుట్టూ ఒకసారి తిరుగుతూ వందల చిత్రాలు తీస్తుంది; కంప్యూటర్ వాటిని ఒక ఘనరూపంగా కూర్చుతుంది. ఆ రూపాన్ని ఏ వైపు నుంచైనా పొరలు పొరలుగా చూడవచ్చు. భారతీయుల పై దవడపళ్ల కాలువలపై ఇదే పద్ధతిలో ప్రసన్న నీలకంఠన్ బృందం చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. హెస్ కాలంలో పన్ను రహస్యం తెలియాలంటే దానిని పీకాలి. నేడు పన్ను తన స్థానంలో ఉండగానే ఆ రహస్యం తెలుస్తోంది.

పంటిని కాపాడాలన్న తపన మన చరిత్రకు కొత్తది కాదు. వెయ్యేళ్ల కిందట అందలూసియాలో అబుల్ ఖాసిం అజ్జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో పంటిని పీకడానికి తొందరపడవద్దని హెచ్చరించారు. నొప్పి రోగిని మోసగిస్తుందనీ, మంచి పన్ను పీకించుకున్నా బాధ పోని సందర్భాలున్నాయనీ రాశారు. రోగాన్ని ముందు సరిగా గుర్తించాలన్న ఆ పాఠం నేటి స్కాన్‌కూ వర్తిస్తుంది.

అలాగని ప్రతి పంటి నొప్పికీ స్కాన్ అక్కరలేదు. ఒక పంటి మామూలు ఎక్స్‌రే కంటే ఇందులో రేడియేషన్ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. మామూలు ఎక్స్‌రేతో సమాధానం దొరకనప్పుడు, అవసరమైన చిన్న భాగానికి మాత్రమే తీయించాలన్నది అమెరికా దంతమూల వైద్యుల సంఘం 2010లోనూ, 2015లోనూ చెప్పిన మాట. గర్భవతులు ఆ విషయం ముందుగానే వైద్యునికి తెలపాలి. చికిత్స తర్వాత నొప్పి తిరిగి వస్తే మందుల దుకాణంలో మాత్రలు కొనుక్కుంటూ కాలం గడపకండి. ‘ఏదైనా కాలువ మిగిలిందా?’ అని వైద్యుణ్ణి అడగండి. పాత ఎక్స్‌రేలు దాచి ఉంచండి.

అన్నిటికంటే ముందుది నివారణ. మహాప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతగా ప్రోత్సహించారో మన పిల్లలకు కంఠస్థమే. కానీ రాత్రి మిఠాయి తిని పళ్లు తోమకుండానే నిద్రపోతారు. శరీరం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. చికిత్సకు డబ్బు లేక పన్ను పీకించుకునే పేదవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అలాంటి బంధువుకో, పొరుగువారికో పంటిని నిలుపుకునే ఖర్చులో చేయూతనివ్వడమూ సదఖాయే.

మిగిలిపోయిన ఆ దారిని శుభ్రం చేయించాక నా నొప్పి తగ్గింది. అల్‌హమ్దులిల్లాహ్, పిల్లలకు ‘ద్వాద్’ను ఆ పంటి ఆసరాతోనే ఇంకా నేర్పుతున్నాను.