చలువరాతి పక్షి



పీర్జాదిగూడలో మా వీధి చివర నొక రాతిపనివాని కొట్టము గలదు. అతడు దేవతామూర్తులను చెక్కి జీవించువాడు. అతని కుమారుడు బాల్యమున నావద్ద చదివినవాడే. వాడు పట్టణమున శిల్పవిద్య నభ్యసించి వచ్చి, జానెడు చలువరాతిని మూడు మాసములు చెక్కి, నూరి, గ్రుడ్డువంటి యొక వస్తువును చేసినాడు. తండ్రి దానిని నా ముందుంచి, “పంతులుగారూ, దీనికి కన్నులేవి? ముక్కేది? వీడు నేర్చిన విద్య యిదియేనా?” యని యడిగెను. నేను నవ్వితిని. పిల్లవాడు మారుపలుకక రాతిని గుడ్డలో చుట్టుకొని వెడలిపోయెను. ఆ నవ్వు తగనిదని రాత్రి నాకు తోచినది. పిమ్మట నీ విషయమును గూర్చి చదివి తెలిసికొన్నదానినే నేడు మీకు విన్నవించుచున్నాను.

ఈ పద్ధతికి మూలపురుషులలో నొకడు బ్రాంకూషి. 1876 లో రుమేనియా దేశమున హోబిత్సా యను పల్లెలో కాపు కుటుంబమున జన్మించెను. బాల్యమున గొఱ్ఱెలను గాచెను, కొయ్యపని నేర్చెను. బుఖారెస్టు నగరమున శిల్పవిద్య ముగించి, చాలవఱకు కాలినడకనే ప్రయాణము చేసి, 1904 లో పారిసు చేరెను. 1907 లో సుప్రసిద్ధ శిల్పి రోదాన్ కర్మశాలలో కుదిరి, కొలదికాలమునకే విడిచి వచ్చెను. మఱ్ఱిచెట్టు నీడను మొక్క పెరుగదని మనవారెఱిగినదే గదా.

అప్పటి యూరపు శిల్పులనేకులు మట్టితో బొమ్మ చేసి యిచ్చువారు. కూలికి వచ్చిన పనివారు పరికరములతో కొలతలు దీసి దానిని చలువరాతిలోనికి దింపువారు. బ్రాంకూషి యా పద్ధతిని విడిచి స్వయముగా ఉలి చేతబట్టెను. మన స్థపతులకు ఇది వింత గాదు. రాతిముందు తానే కూర్చుండువానికి రాయి యేమి యొప్పునో, యేమి యొప్పదో చేతికే తెలియును. మన చుట్టునున్న గుండ్లు కఠినశిలలు. దెబ్బకు పెచ్చులు లేచును. చలువరాయి యట్టిది గాదు. సున్నపురాయియే భూగర్భమున వేడికిని ఒత్తిడికిని లోనై యట్లు మాఱినది. నునుపు చేసినచో వెలుగు పైపొరలోనికి కొంత చొచ్చి మరలి వచ్చును. అందుచేతనే యది మనుష్యుని చర్మమువలె తోచును.

సాలార్‌జంగు ప్రదర్శనశాలలో ముసుగు వేసికొన్న రెబెకా ప్రతిమను మీరు చూచియుందురు. బెంజోనీ యను ఇటలీ శిల్పి చెక్కినది. మొదటి సాలార్‌జంగు దానిని 1876 లో, అనగా బ్రాంకూషి పుట్టిన యేటనే, రోమునగరమున కొనెను. రాతిని పలుచని వస్త్రముగా భ్రమింపజేయుట దాని గొప్ప. బ్రాంకూషి రాతిని రాతిగానే యుంచెను. 1910 ప్రాంతమున నొక కథాపక్షిని చెక్కుటతో నారంభించి, క్రమముగా రెక్కలు, కాళ్లు, ముక్కు తొలగించుచు, 1923 నాటికి నిలువున నెగసిన యొక సన్నని రేఖను మాత్రము మిగిల్చెను. పక్షిని గాదు, ఎగురుటను చెక్కదలచెను. 1915 లో చెక్కిన ‘నవజాత శిశువు’ గ్రుడ్డు ఆకారమే.

ఇందుకాయన వ్యాజ్యమును గూడ నెదుర్కొనెను. 1926 లో అట్టి కంచుపక్షి యొకటి అమెరికా చేరగా, సుంకాధికారులు దానిని శిల్పముగా నంగీకరింపక వంటపాత్రలతోడను ఆసుపత్రి సామగ్రితోడను జేర్చి నూటికి 40 వంతుల సుంకము విధించిరి. శిల్పమునకైనచో సుంకమే లేదు. అడవిలో దీనిని చూచినయెడల పక్షి యని తుపాకి పేల్తువా యని సాక్షిని న్యాయస్థానమున నడిగిరి. మా రాతిపనివాని ప్రశ్నయు ఇట్టిదే! 1928 లో తీర్పు శిల్పి పక్షమున వచ్చెను.

మన దేశముతోడను ఆయనకు సంబంధము గలదు. ఇందూరు ప్రభువు యశ్వంతరావు హోల్కరు తెల్ల చలువరాతి పక్షిని, నల్ల చలువరాతి పక్షిని, కంచుపక్షిని గొనెను. వానికొఱకు ధ్యానమందిరము కట్టదలచెను. 1937 లో మహారాణి మరణించెను. ఆ పిమ్మట శిల్పి ఇందూరునకు వచ్చెను గాని మందిరము లేవలేదు. ఆ రెండు చలువరాతి పక్షులిప్పుడు ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నగరమున నున్నవి. శిల్పి 1957 లో పారిసున దివంగతుడయ్యెను.

కన్నులులేని రాతికి మనము మ్రొక్కమా? గ్రామమధ్యమున బొడ్రాయి యున్నది, సాలగ్రామమున్నది. అమరావతి శిల్పులు బుద్ధుని రూపమునకు మారుగా పలుచోట్ల శూన్యాసనమును, పాదముద్రలను చెక్కిరి. (ఆ రాతిని చలువరాయి యందురు గాని అది సున్నపురాయి.) అయినను గుండ్రని రాయి యెల్ల శిల్పము గాదు. పని రానివాడు సయితము ఈ నూతన పద్ధతి చాటున దాగవచ్చును. రాతిని చుట్టి తిరిగి చూడవలెను. అంచురేఖ యెక్కడను తెగక సాగుచున్నదా, తీసివేసినదేదో తెలిసియే తీసెనా యని పరీక్షింపవలెను.

మొన్న నేను కొట్టమునకు బోయి గుడ్డ విప్పుమంటిని. దీపము ప్రక్కకు జరిపి చుట్టును తిరిగి చూచితిని. ఒకవైపు కొంచెము అణగియున్నది. అదేమని యడుగగా, “మా అక్క బిడ్డ, పంతులుగారూ. పుట్టిన పదవనాడు నిద్రపోవుచుండగా చూచితిని. చెక్కిలి దిండునకు ఆని యుండెను” అనెను. నాడు నవ్వినది తప్పని వానితో చెప్పితిని. తండ్రి గడపలో నిలిచి అంతయు వినెను. కొంతసేపటికి, “ఇది అమ్ముడుపోవునా?” యని మాత్రమడిగెను. దానికి నేనేమియు చెప్పలేకపోతిని.