ఆటా, జూదమా? సరిహద్దులు దాటిన రమ్మీ

సలాలా ఒమాన్‌లోని ధోఫార్ ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడ పనిచేసే ఒక తెలుగు ఉద్యోగి సెలవురోజున ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడాడనుకుందాం. ఎదుటి ఆటగాడు విజయవాడలో ఉన్నాడు, సర్వరు మూడో దేశంలో ఉంది, పందెం సొమ్ము భారతీయ బ్యాంకు ఖాతాలోంచి వెళ్తుంది. ఇది ఆటా, జూదమా అన్న ప్రశ్నకు జవాబు దేశాన్నిబట్టి మారుతుంది.

భారతదేశంలో ఈ చర్చకు మూలం ఒక తెలుగు నగరపు కేసే. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో పోలీసులు దాడి చేశారు. ఆ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 1967లో తీర్పు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడానికీ, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలి కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యక్రీడ అన్నది. అయితే నిర్వాహకులు పందెంలోంచి లాభం తీసుకుంటే అది నేరం కావచ్చునని కూడా హెచ్చరించింది.

1974నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నైపుణ్యక్రీడలకు మినహాయింపునిచ్చింది. ఆట ఫోనులోకి వచ్చాక ఆ మినహాయింపే వ్యాపారానికి పునాది అయింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాన్ని సవరించి డబ్బు పందెంగా ఉన్న ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. కానీ నిషేధం రాష్ట్రపు ఎల్లల వరకే. నిషేధం లేని రాష్ట్రంలో అదే ఆట సాగింది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న విభజననే పక్కన పెట్టింది. ధనలాభం ఆశించి డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం గుర్తింపు దక్కింది. నిర్వాహకులకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ప్రకటనలిచ్చేవారూ, చెల్లింపులు జరిపేవారూ శిక్షార్హులే. విదేశాలనుంచి నడిపే సేవలకూ ఇది వర్తిస్తుంది. ఆటగాణ్ణి మాత్రం ఈ చట్టం దోషిగా చూడదు, నష్టపోయినవాడిగా చూస్తుంది.

సలాలాలోని ఉద్యోగి ఈ ఊరటను నమ్ముకోవడానికి వీల్లేదు. 2018లో వచ్చిన ఒమాన్ శిక్షాస్మృతి ప్రకారం జూదం నేరం. సికింద్రాబాదు తీర్పు అక్కడి న్యాయస్థానాన్ని కట్టడి చెయ్యదు. పైగా విదేశీయుడికి శిక్ష పడితే జరిమానాతో పాటు నివాసానుమతికే ముప్పు రావచ్చు. మాతృదేశం తనను శిక్షించదన్న భరోసా, ఉన్న దేశంలో రక్షణ కాదు.