ఆటలో మన అక్షరము

రేడియోలో మేము ‘కొత్తవలస’ అని పలికిన చాలును. వీడియో ఆటలో ఆ పేరు కంటికి కూడ ఒప్పుగా కనబడవలెను. కొత్తవలసనుండి అరకు మీదుగా కిరండూలునకు పోవు రైలును తెలుగు పిల్లలకు చక్కని ఆటగా మలచవచ్చును. కాని నిర్మాతకు తొలి చిక్కు కొండలో కాదు, స్టేషను పేరుపలకలోనే ఎదురగును.

‘త్త’ మన కంటికి ఒకే అక్షరము. యంత్రము దానిని తకారము, పొల్లు, తకారము అని మూడు సంకేతములుగా దాచుకొనును. వానిని కలిపి, రెండవ తకారమును వత్తుగా దించుటకు వేరొక ఏర్పాటు కావలెను. ఆంగ్లమునకు ఈ పని లేదు. కనుక ఆటలు తయారుచేయు పనిముట్లు కొన్నింటిలో ఈ ఏర్పాటు లోపించి, పేరు ‘కొత్‌తవలస’ యగును. అక్షరములు దిద్దుకొను బిడ్డ తెరపై కన్నదే ఒప్పనుకొనును.

పెద్ద సంస్థలకును ఈ చిక్కు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన సంకేతముల వరుస యొకటి ఆపిల్ ఫోనులలో సందేశముల పనిని స్తంభింపజేసెను. ఆ నెలలోనే దానిని సవరించిరి.

అవకాశమును లేకపోలేదు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్లకు పైబడిరి. 2023లో వెలువడిన గోడాట్ 4 అను ఉచిత పనిముట్టు మన వత్తులను సరిగా కూర్చగలదు. చిన్న ఊరి యువకులును దానితో ఆటలు నిర్మింపవచ్చును.

నిర్మాతలకు మా మనవి యొకటే: ఆట విడుదలకు ముందు ‘శ్రీకాకుళము’, ‘కొత్తవలస’, ‘జ్ఞానము’ అను మాటలను తెరపై వ్రాసి, తెలుగు చదువగల వారిచే ఒకసారి చదివింపుడు.