జీవామృతం డ్రిప్‌లో వదులుతున్నారా? ముందు ఫిల్టర్ సంగతి చూసుకోండి

పై వీడియోలో నేను విప్పి చూపించిన లేటరల్ పైపు మా మిరప తోటదే. లోపల పచ్చటి జిగురు, పేడ పీచు. చివరి సాళ్లు వాడిపోతుంటే తెగులు అనుకొని వారం రోజులు కషాయాలు కొట్టినం. తెగులు కాదు, నీళ్లే అందుతలేవు.

తప్పు నాదే. కాలువ నీళ్లకు జాలి ఫిల్టర్ ఒక్కటి పెట్టి ఊరుకున్న. బోరు నీళ్లలో ఇసుక వస్తే హైడ్రోసైక్లోన్ కావాలి. జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి లిఫ్ట్ కాలువల నీళ్లు గానీ, ఫాం పాండ్ నీళ్లు గానీ వాడేవాళ్లకు నాచు, ఒండ్రు వస్తది. దానికి ఇసుక ఫిల్టరే దిక్కు. ఫాంహౌస్ ఈత కొలనుల్లో ఉండేది కూడా దాదాపు ఇదే. కాకపోతే వాళ్లు నాచుకు క్లోరిన్ వేస్తరు. మనం వేస్తే, జీవామృతంలో పెంచుకున్న సూక్ష్మజీవుల్ని మన చేతులతో మనమే చంపుకున్నట్టు. అందుకే మనకు కడుగుడు పని ఎక్కువ.

కొనేముందు మోటారు నీళ్లు కొలవండి. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండితే గంటకు 18,000 లీటర్లు. దానికి సరిపోయే ఫిల్టరే తీసుకోవాలి. పెద్దదైతే మంచిదే కదా అని నేనూ అనుకున్న. కానీ బ్యాక్‌వాష్‌లో నీళ్లు ఎదురు తిరిగి ఇసుకను పైకి లేపాలి. నీళ్లు చాలకపోతే ఇసుక లేవదు, మురికి అట్లనే ఉంటది. లోపల వాగు ఇసుక పోయొద్దు, అంచులు పదునుగా ఉన్న సిలికా ఇసుక పోయాలి.

ఇప్పుడు అసలు విషయం. వెంచురీని ఇసుక ఫిల్టర్ తర్వాత, డిస్క్ ఫిల్టర్‌కు ముందు బిగించాలి. ఇసుకకు ముందు పెడితే పేడ పీచు అంతా ఇసుక మీద అట్టలా కడతది. డిస్క్ 120 మెష్ చాలు, అంటే సుమారు 130 మైక్రాన్లు. దాన్ని నమ్ముకొని జీవామృతం వడకట్టడం మానొద్దు. ముందురోజు కలపడం ఆపి తేర్చి, పైతేటను రెండు మడతల పాత చీరలో వడపోయండి. వదిలినాక ఇంకో 20 నిమిషాలు ఉత్త నీళ్లు పారాలి. లేకపోతే బెల్లం జిగురు డ్రిప్పర్లలోనే ఉండిపోతది.

ఫిల్టర్‌కు ముందొకటి, వెనకొకటి ప్రెజర్ గేజ్ పెట్టించుకోండి. తేడా అర కేజీ దాటిందంటే బ్యాక్‌వాష్ చేయాల్సిందే, బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా. జీవామృతం వదిలిన ప్రతిసారీ డిస్కులు విప్పి బ్రష్‌తో కడగాలి. లేటరల్ చివరలు వారానికోసారి విప్పి వదలండి.

బోరు నీళ్ల ఉప్పు డిస్కులకు తెల్లగా పడితే యాసిడ్ జోలికి పోకండి. నిమ్మ ఉప్పు కలిపిన బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున కడిగితే పోతది. డిస్కులు విప్పి, తిరిగి వరుసగా ఎక్కించే తీరు వీడియో చివర్లో చూపించిన.