ఆరు గుండెల బండి

పాత ఇనుము కొట్టుకు పోవాల్సిన కారు. లారీలోంచి విప్పిన ఇంజిను. చేతులకు గ్రీజు అంటితే తప్ప నిద్రపట్టని కుర్రాడు. ఈ మూడూ ఒకచోట చేరితే పుట్టేదే హాట్‌రాడ్‌. ఎక్కడో అమెరికాలో మొదలైన ఆ పిచ్చికి, మన రోడ్ల మీద తిరిగిన లారీకి దగ్గరి చుట్టరికమే ఉంది!

కర్నూలు నుంచి దోర్నాల మీదుగా గుంటూరు వెళ్లే రోడ్డు అది. నల్లమల ఘాట్‌లో లోడు లారీ ఎక్కుతోందంటే, అది మలుపు అవతల ఉండగానే తెలిసిపోతుంది. పెద్దారవీడు, మార్కాపురం చుట్టుపక్కల పల్లెలకు ఆ చప్పుడు కొత్తకాదు. మార్కాపురం పలకలైనా, గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి టిక్కీలైనా ఏళ్ల తరబడి లారీల మీదే ఊరు దాటాయి. పాతతరం టాటా లారీల్లో ఎక్కువ వాటికి గుండెకాయ ఆరు సిలిండర్ల ఇంజినే. ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా సిలిండర్లన్నీ ఒకదాని వెనక ఒకటి, ఒకే వరసలో ఉంటాయి. ఇంగ్లిషులో దాన్నే ‘ఇన్‌లైన్‌ సిక్స్‌’ అంటారు.

1954లో టెల్కో కంపెనీ జర్మనీకి చెందిన డైమ్లర్‌ బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టినప్పుడు మనకు పరిచయమైన వరస ఇది. ఆ తర్వాత మెకానిక్కుల నోళ్లలో బాగా నలిగిన ‘697’ ఇంజినుకైతే పేరులోనే జాతకమంతా ఉంది. 6 అంటే ఆరు సిలిండర్లు. 97 అంటే ఒక్కో సిలిండరు బోరు 97 మిల్లీమీటర్లు!

ఇలా ఆరు సిలిండర్లు వరసగా ఉన్న ఇంజిన్నే, కాకపోతే పెట్రోలుతో నడిచేదాన్ని, డొక్కు కారులో బిగించి గాలితో పందెం వేశారు అమెరికా కుర్రాళ్లు.

ఎండిన చెరువులో పందెం

ఫోర్డ్‌ కంపెనీ 1908 నుంచి 1927 దాకా ‘మోడల్‌ టి’ కార్లను కోటిన్నరకు పైగా తయారుచేసింది. దాని తర్వాత ‘మోడల్‌ ఎ’ వచ్చింది. 1930ల నాటికి అవన్నీ చేతులు మారీ మారీ చవగ్గా దొరికే స్థితికి చేరాయి. అసలే ఆర్థికమాంద్యం రోజులు. కొత్త కారు కొనే స్తోమత లేదు. వేగం మీద మోజు మాత్రం తగ్గలేదు. ఏం చేయాలి?

దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు తేలికైన దారి పట్టారు. పాత కారు కొని, దానికి అవసరం లేనిదంతా పీకి పారేశారు. చక్రాల మీది మడ్‌గార్డులు, బంపర్లు, బానెట్‌ పక్క రేకులు... అన్నీ మూలకు చేరాయి. బరువు తగ్గితే వేగం పెరుగుతుంది కదా! తర్వాత ఇంజిను మీద పడ్డారు. కార్బురేటర్‌ ఒకటున్న చోట రెండో మూడో పెట్టారు. ఇలా తయారైన బండ్లను మొహావీ ఎడారిలోని మ్యూరాక్‌, ఎల్‌ మిరాజ్‌ అనే ఎండిపోయిన సరస్సుల మీదికి తీసుకెళ్లి, కంటిచూపు ఆనినంత దూరం పరిగెత్తించారు. ‘హాట్‌రాడ్‌’ అన్న పేరు తర్వాత వచ్చింది. బండ్లు మాత్రం అప్పటికే దుమ్ము లేపుతున్నాయి.

ఆ కాలపు విడిభాగాలతో, ఆ కాలపు పద్ధతిలోనే ఇప్పుడు కడుతున్న బండిని ‘ట్రెడిషనల్‌ హాట్‌రాడ్‌’ అంటారు. ఇందులో కంప్యూటరు ఉండదు. మెరుగుల కన్నా పనితనానికే మార్కులు.

పేదవాడి ఆరు

1932లో ఫోర్డ్‌ వి8 ఇంజిను వచ్చాక హాట్‌రాడ్‌ లోకం దాదాపుగా దానికి దాసోహమైంది. ఎనిమిది సిలిండర్లు, నలుగురు ఒకవైపు నలుగురు మరోవైపు. ఎవరి నోట విన్నా దాని మాటే. అయినా కొందరు మాత్రం ఆరును వదల్లేదు.

వాళ్ల చేతికి అందిన ఇంజిను షెవ్రొలే కంపెనీది. 1929 మోడల్‌ కార్లతో అది జనంలోకి వచ్చింది. నాలుగు సిలిండర్ల కారు ధరకే ఆరు సిలిండర్ల కారు ఇస్తున్నామని కంపెనీ చాటింపు వేసింది. అందులో వాడిన బోల్టులు ఇళ్లల్లోని ఇనుప పొయ్యిలకు వేసేవాటిలా ఉండటంతో జనం ముద్దుగా ‘స్టవ్‌బోల్ట్‌’ అని పిలిచారు. పొయ్యి బోల్టన్నమాట!

ఈ షెవ్రొలే మన దేశానికీ వచ్చింది. జనరల్‌ మోటార్స్‌ 1928లో బొంబాయిలోని శివ్డీలో కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టి 1954 దాకా నడిపింది. పాతకాలం వాళ్లకు గుర్తుండే డాడ్జి, ఫార్గో పెట్రోలు లారీల్లోనూ ఉన్నది వరస ఆరే.

రెండో ప్రపంచయుద్ధం ఈ ఇంజినుకు మరో మేలు చేసింది. అమెరికా సైన్యం కోసం జీఎంసీ ఐదు లక్షలకు పైగా లారీలు తయారుచేసింది. అస్సాం నుంచి బర్మాకు వేసిన లీడో రోడ్డు మీద సామాన్లు మోసినవాటిలో అవీ ఉన్నాయి. వాటి ఇంజిను కూడా వరస ఆరే. దాదాపు 4.4 లీటర్లు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న ఆ లారీల ఇంజిన్లు హాట్‌రాడ్‌ కుర్రాళ్ల షెడ్లలోకి చేరాయి. ‘జిమ్మీ’ అని పేరు పెట్టుకుని మరీ చూసుకున్నారు. బస్తాలు మోసిన ఇంజినుతో రికార్డుల వేట!

1953లో వచ్చిన మొదటి కార్వెట్‌ స్పోర్ట్స్‌ కారులో ఏముందో తెలుసా? వి8 కాదు. అదే స్టవ్‌బోల్ట్‌ వంశానికి చెందిన 3.9 లీటర్ల ఆరు. మూడు కార్బురేటర్లు తగిలిస్తే 150 హార్స్‌పవర్‌ ఇచ్చింది. షెడ్లలో కుర్రాళ్లు చేస్తున్న పనినే కంపెనీ కూడా చేసిందన్నమాట.

రోకటి పోటు లెక్క

ఆరంటే ఎందుకంత మర్యాద? జవాబు రోటి దగ్గర దొరుకుతుంది. ఒకే రోటి చుట్టూ ముగ్గురు నిలబడి రోకళ్లు వేస్తున్నప్పుడు ఒకరి తర్వాత ఒకరు సరిగ్గా వంతు తప్పకుండా వేస్తే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఉండదు. రోకళ్లు కొట్టుకోవు. ఆరు సిలిండర్ల ఇంజినులో జరిగేదీ అదే. క్రాంక్‌ మూడోవంతు చుట్టు తిరిగేసరికి ఒక సిలిండరు మండుతుంది. అంటే ఒక్క చుట్టుకు మూడు పోట్లు.

పైగా ఒకటి-ఆరు, రెండు-అయిదు, మూడు-నాలుగు పిస్టన్లు జతలుగా ఒకేసారి పైకీ కిందికీ కదులుతాయి. క్రాంక్‌ మీద ఈ మూడు జతలూ సమాన దూరంలో ఉండటంతో ఒక జత ఊపును మిగతా రెండూ సరిచేస్తాయి. అందుకే నాలుగు సిలిండర్ల ఇంజిన్లను వదలని సన్నటి వణుకు వరస ఆరులో కనిపించదు.

మండే వరస 1-5-3-6-2-4. షెవ్రొలే ఆరుకూ అంతే, మన టాటా 697కూ అంతే! కాలిఫోర్నియా కుర్రాడినీ, మన ఆటోనగర్‌ మెకానిక్కునూ ఎదురెదురుగా కూర్చోబెడితే భాష తెలియకపోయినా ఈ ఆరు అంకెలతో మాట కలిపేస్తారు. అలాగని లారీ డీజిల్‌ ఇంజిను హాట్‌రాడ్‌కు పనికొస్తుందని కాదు. అది బరువులు లాగడానికి పుట్టింది. తనూ బరువే. నిమిషానికి మూడువేల చుట్లు దాటదు. పందేనికి కావాల్సింది పెట్రోలుతో చురుగ్గా తిరిగే ఆరు.

కట్టడం ఇలా...

ముందు కావాల్సింది ఛాసిస్‌. మోడల్‌ ఎ కారు ఛాసిస్‌లో ఉండేవి రెండు సన్నటి ఇనుప దూలాలు. ఒకవైపు తెరిచి ఉంటాయి. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజినుకు చాలిన ఆ దూలాలు పెద్ద ఇంజిను తిప్పే బలానికి మెలితిరిగిపోతాయి. అందుకే తెరిచివున్న వైపు ఇనుప పలకలు వెల్డింగు చేసి పెట్టెలా మూసేస్తారు. మధ్యలో అడ్డపట్టీలు వేస్తారు. ముందు వైపు కిందికి వంచిన యాక్సిల్‌ వేస్తే బండి నేలకు దగ్గరవుతుంది.

తర్వాత ఇంజిను. తెలిసినవాళ్లు 1954 తర్వాతి 3.9 లీటర్ల షెవ్రొలే ఆరు కోసం వెతుకుతారు. అంతకుముందు వాటిలో చాలావాటికి కనెక్టింగ్‌ రాడ్లకు ఆయిల్‌ ఒత్తిడితో అందదు. కింది తొట్టిలోని ఆయిల్‌ను రాడ్లే చిమ్ముకోవాలి. నెమ్మదిగా నడిపితే ఫర్వాలేదు, ఉరికిస్తేనే బేరింగులకు ముప్పు. 1954 నుంచి అన్నింటిలోనూ ఆయిల్‌ పంపు ఒత్తిడితోనే రాడ్లకూ ఆయిల్‌ అందింది.

ఇక్కడే అసలు తలనొప్పి. వరస ఆరు పొడుగు ఎక్కువ. మోడల్‌ ఎ ముక్కులో ఇమడదు. రేడియేటర్ను ముందుకు జరపాలి, లేదా డ్రైవరు ముందుండే రేకును లోపలికి నొక్కాలి. ముందుకు జరిపితే బండి అందం పోతుంది. వెనక్కి జరిపితే కాళ్లకు చోటుండదు. అంగుళం అంగుళం కొలుచుకుంటూ వారాలు గడిచిపోతాయి.

ఆ తర్వాత ఊపిరి సంగతి. షెవ్రొలే పాత హెడ్డులో ఆరు సిలిండర్లకూ గాలి-పెట్రోలు వెళ్లే దారులు మూడే. ఇద్దరికి ఒక దారి అన్నమాట. వేన్‌ హార్నింగ్‌ అనే ఆయన ఈ చిక్కు విప్పాడు. లోపలికి ఆరు, బయటికి ఆరు... మొత్తం పన్నెండు దారులతో కొత్త హెడ్డు పోతపోశాడు. హాట్‌రాడ్‌ చరిత్రలో ‘వేన్‌ హెడ్డు’కు ఇప్పటికీ పెద్దపీటే.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లు పాత హెడ్డునే కొంత అరగదీయించి కంప్రెషన్‌ పెంచుకుంటారు. రెండో మూడో కార్బురేటర్లు బిగిస్తారు. అవన్నీ సమానంగా గాలి పీల్చాలి. దానికి మీటరే అక్కర్లేదు. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్‌ నోటి దగ్గర పెట్టి వింటారు. అన్నింటి బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పుతారు. డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టే!

పొగ గొట్టాన్నీ రెండుగా చీలుస్తారు. ముందు మూడు సిలిండర్లకు ఒకటి, వెనక మూడింటికి ఒకటి. మండే వరస మళ్లీ చూడండి. 1 ముందుది, 5 వెనకది, 3 ముందుది, 6 వెనకది, 2 ముందుది, 4 వెనకది. రెండు గొట్టాలూ వంతులవారీగా మాట్లాడతాయి. ఆ చప్పుడు వి8కు రాదు. వరస ఆరును ప్రేమించేవాళ్లు సగం పడిపోయేది ఈ గొంతుకే.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మాత్రం చాలామందికి ఆఖర్న గుర్తొస్తుంది. అవే బ్రేకులు. పాత మోడల్‌ ఎ బ్రేకులు కడ్డీలతో పనిచేసేవి. వేగం రెండింతలు చేసి బ్రేకులు వదిలేస్తే అది బండి కాదు, ప్రమాదం. అందుకే ఫోర్డ్‌ 1939లో తెచ్చిన హైడ్రాలిక్‌ బ్రేకులను పాత బండ్లకు బిగించడం హాట్‌రాడ్‌ వాళ్లకు ఆనవాయితీ అయింది.

హద్దు గీసుకున్నాకే...

మొదట్లో ఈ కుర్రాళ్లంటే ఊళ్లకు హడల్‌. వీధుల్లో పందేలు, పోలీసుల వేట, ప్రమాదాలు. దాన్ని మార్చింది కుర్రాళ్లే. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్‌ కాలిఫోర్నియా టైమింగ్‌ అసోసియేషన్‌ పెట్టుకున్నాయి. తనిఖీలో నెగ్గిన బండే సరస్సు మీదికి రావాలి. వేగం ఎంతో గడియారం చెబుతుంది. 1949లో యూటాలోని బానెవిల్‌ ఉప్పు మైదానంలో ‘స్పీడ్‌ వీక్‌’ మొదలైంది. 1951లో వాలీ పార్క్స్‌ నేషనల్‌ హాట్‌రాడ్‌ అసోసియేషన్‌ స్థాపించాడు. పందేన్ని వీధిలోంచి మైదానానికి తేవడమే దాని పని. అల్లరి అనుకున్నది అలా ఆటగా నిలబడింది.

మన దగ్గర చేతిపని తక్కువేం కాదు. హైదరాబాద్‌ బహదూర్‌పురాలో కన్యాబోయిన సుధాకర్‌ 2010లో తెరిచిన ‘సుధా కార్స్‌’ మ్యూజియమే సాక్ష్యం. క్రికెట్‌ బ్యాటు, బూటు, కెమెరా, వంకాయ... ఆకారం ఏదైనా దాన్ని నడిచే బండి చేసేశారు. వాడింది ఎక్కువగా పాత సామానే. 41 అడుగుల 7 అంగుళాల ఎత్తయిన మూడు చక్రాల సైకిలుతో 2005లో గిన్నిస్‌ రికార్డుకెక్కిందీ ఆయనే.

అయితే సొంతంగా మార్చిన బండితో రోడ్డెక్కుతానంటే మన చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని, రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలకు విరుద్ధంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 2021లో యాభై ఏళ్లు దాటిన బండ్లకు ‘వింటేజ్‌’ రిజిస్ట్రేషన్‌ తెచ్చారు. అదీ అసలు రూపం చెడనివాటికే. ఇంజిను మార్చి, ఛాసిస్‌ కోసిన హాట్‌రాడ్‌కు అందులో చోటులేదు.

మరి ఉత్సాహం ఉన్న పిల్లలు ఏం చేయాలి? దారులు లేకపోలేదు. ఇంజినీరింగ్‌ విద్యార్థులు తమ చేత్తో బండి కట్టి, తనిఖీలో నెగ్గి, పోటీ పడే ‘బాహా’ పోటీలను మన దేశంలో ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి నడుపుతోంది. రేసులకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి లాంటి ట్రాకులున్నాయి. బైకు సైలెన్సరు పీకేసి ఊరు అదిరేలా తిరిగే కుర్రాడికీ, కార్బురేటర్‌ బుస చెవితో విని సరిచేసే కుర్రాడికీ మొదట్లో ఉండే ఉత్సాహం ఒకటే. తేడా ఎక్కడొస్తుందంటే, రెండోవాడికి ఒక షెడ్డు దొరికింది, పని నేర్పే పెద్దమనిషి దొరికాడు, పరుగుకు మైదానం దొరికింది.

ఇంట్లో మిక్సీని విప్పదీసి మళ్లీ బిగించలేక దిక్కులు చూసే పిల్లాడు ఉంటే వెంటనే కసురుకోకండి. ముందు ఓ స్క్రూడ్రైవరు చేతికిచ్చి, మిగిలిపోయిన ఆ ఒక్క స్క్రూ ఎక్కడిదో వాడినే కనుక్కోమనండి!